విరామం ఎవరి సొత్తు? – తెరల కాలంలో ఒక చారిత్రక పరిశీలన

ఈ మధ్య ఏ పత్రిక తెరిచినా ఒక హితబోధ కనిపిస్తున్నది. గంటల తరబడి ఫోను, కంప్యూటరు తెరల ముందు కూర్చోవద్దనీ, ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువు మీద 20 సెకన్లు చూపు నిలపమనీ, పడుకునే ముందు ఫోను పక్కన పెట్టమనీ వైద్యులు చెబుతున్నారు. తెర వైపు చూస్తున్నంతసేపు మనిషి రెప్పలార్చడం తగ్గిపోతుంది. కన్ను పొడిబారుతుంది, మెడ పట్టేస్తుంది, నిద్ర చెడుతుంది. ఇందులో కాదనవలసింది ఏమీ లేదు. వైద్యుడు శరీరం తరఫున మాట్లాడుతున్నాడు. ఆ మాటను మనం గౌరవించాలి.

అయితే ఈ హితబోధ ఒక ప్రశ్నను దాటవేస్తున్నది. తెర నుంచి కళ్లు తిప్పుకునే అధికారం ఎవరి చేతిలో ఉంది? తన ఫోనును తానే మూసిపెట్టగల మనిషికీ, ఫోను మూస్తే కూలి పోయే మనిషికీ ఒకే హితవు చెప్పడంలో అర్థమేమిటి? విరామాన్ని వ్యక్తి నిగ్రహానికి సంబంధించిన విషయంగా చూపినప్పుడు, దాని వెనుక ఉన్న సామాజిక సంబంధాలు మరుగున పడతాయి. విరామానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను మా ప్రాంతం నుంచే మొదలుపెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

నేను పాఠాలు చెప్పుకుని బతుకుతున్న జైనూర్ ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనిది, ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఈ ఊరు ఒకసారి తెరలకు దూరంగా బతికింది. అయితే అది తన ఇష్టంతో జరిగింది కాదు. ఒక ఆదివాసీ మహిళపై జరిగిన దాడి తర్వాత తలెత్తిన ఉద్రిక్తతలో, 2024 సెప్టెంబర్ 4న ఇక్కడ దుకాణాలు, ఇళ్లు తగలబడ్డాయి. తరతరాలుగా ఒకే అంగడిలో సరుకు కొన్న మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కర్ఫ్యూ వచ్చింది. పుకార్లు వ్యాపించకూడదన్న కారణంతో ఇంటర్నెట్ ఆపేశారు.

అప్పుడు తెరలు ఆగిపోయాయి. మరి విరామం వచ్చిందా? రాలేదు. ఫోనులోని డబ్బు చేతికి రాలేదు, దూరాన చదువుకునే పిల్లల ఫోటో అయినా చూసే వీలు లేకపోయింది. ఏది నిజమో, ఏది పుకారో తేల్చుకునే దారి కూడా మూసుకుపోయింది. మనిషి తెర నుంచి తల ఎత్తాడు గాని, ఎదుటి మనిషి ముఖం వైపు చూడలేకపోయాడు. పుకారును ఆపవలసిన అవసరం లేదని నేను అనడం లేదు. ఆ మంటలు చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. నిరవధికంగా ఇంటర్నెట్ నిలిపివేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, కశ్మీర్ విషయంలో, చెప్పిన తీర్పును కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నా వాదన ఒక్కటే: పైనుంచి వచ్చిన నిలిపివేత వేరు, జనం తీసుకున్న విరామం వేరు. మొదటిది మనుషులను విడదీస్తుంది, రెండవది కలుపుతుంది.

ఈ తేడాను గ్రహించడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది.

2

కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించిన తర్వాత, గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతానికి వచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశ పౌరుడిగా లెక్కకు వచ్చి, హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చిన మనిషి ఆయన. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో నివాసం ఏర్పరచుకున్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1948లో ఆయన ప్రచురించిన ఆదిలాబాద్ రాజగోండుల అధ్యయనంలో వ్యవసాయంతో పాటు గోండుల పండుగల క్రమం కూడా వివరంగా ఉంది.

ఆ క్రమాన్ని మతాచారంగా మాత్రమే చూడడం పొరపాటు. అది ఒక జాతి తన శ్రమనూ విశ్రాంతినీ పంచుకున్న పద్ధతి. శ్రావణ అమావాస్య నాటి పొలాల పండుగనే తీసుకుందాం. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. ఎడ్లను కడిగి, అలంకరించి, పూజిస్తారు. ఎద్దుకు సెలవంటే దున్నేవాడికీ సెలవే. ఒక రైతు కట్టి, మరో రైతు విప్పే పద్ధతి లేదు. అందరి కాడీ ఒకేరోజు దిగుతుంది. ఇక దండారీ. ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత మొదలై దీపావళి దాకా సాగే ఈ పండుగలో నెమలి ఈకల టోపీలు ధరించిన గుస్సాడీలు దీక్ష పట్టి, ఆ రోజుల్లో స్నానం కూడా చేయకుండా ఆడతారు. ఒక ఊరి దండారీ మరో ఊరికి అతిథిగా పోతుంది, ఆతిథ్యమిచ్చిన ఊరు తిరిగి వస్తుంది. మార్లవాయికే చెందిన కనకరాజు గుస్సాడీ నృత్యానికి 2021 పద్మశ్రీ పురస్కారాల్లో గుర్తింపు పొందాడు. 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశాడు.

ఈ సంప్రదాయాన్ని అందంగా రంగులు పులిమి చూపించడం నా ఉద్దేశం కాదు. పండుగనాడు కూడా నీళ్లు మోసింది, వంట చేసింది ఆడమనిషే. అంటే ఆ విరామంలో కూడా సమానత లేదు. అంతేకాదు, షావుకారు అప్పులో, అటవీశాఖ వెట్టిలో చిక్కుకున్న రైతుకు తన దినాలు తనవి కావు. భూమి పరాయిదైనప్పుడు కాలం కూడా పరాయిదవుతుంది. భీం పోరాటం భూమి కోసం, అడవి కోసం జరిగిందని మనం సరిగ్గానే చెబుతున్నాం. అది కాలం కోసం జరిగిన పోరాటం కూడా. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీము’ నవలను ఈ కోణం నుంచి మళ్లీ చదవవలసిన అవసరం సాహిత్య విద్యార్థులకు ఉంది.

3

గూడెంలో అందరి కాడీ ఒకేరోజు దిగడం ఆచారం. మిల్లులో యంత్రం దిగదు. అక్కడ ఆచారం పోయి పోరాటం వచ్చింది.

ఇంగ్లండులో రాబర్ట్ ఓవెన్ 1817 నాటికే రోజును మూడు భాగాలు చేసి పనికీ, విశ్రాంతికీ, వినోదానికీ సమానంగా పంచాలన్నాడు. 1886 మే నెలలో చికాగో కార్మికులు ఆ కోరికకు రక్తంతో వెల చెల్లించారు. మన దేశంలో ఈ చరిత్రకు ఆద్యుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఫూలే సత్యశోధక ఉద్యమంలో ఎదిగిన ఆయన 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి, 5,500 మంది సంతకాలతో ఒక వినతిపత్రం తయారు చేయించాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం అందులోని ముఖ్యమైన కోరికలు. ఆరేళ్లు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న 10,000 మంది కార్మికులు మహాలక్ష్మి మైదానంలో సభ జరిపారు. అదే ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు వారపు సెలవుకు ఒప్పుకున్నారు. ఆ బొంబాయి మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణ నుంచి వలసపోయిన కామాఠీ శ్రామికుల జాడ కామాఠిపుర అన్న పేరులోనే మిగిలి ఉంది. ఫూలేకు ఆ నగరంలో అండగా నిలిచిన వారిలో తెలుగు గుత్తేదార్లూ ఉన్నారు.

ఈనాడు మనం పంచాంగంలో ఎర్ర అంకెగా చూసే ఆదివారం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1952 గనుల చట్టం ఆరు రోజులకు మించి కార్మికుడితో పని చేయించరాదనీ, భూగర్భంలో రోజుకు 8 గంటలు దాటరాదనీ విధించింది. మా పక్కనున్న సింగరేణి గనుల్లో ఆ వారపు సెలవును ‘ప్లేడే’ అంటారు. కార్మికుడి నోట ఆ పరభాషా పదం తెలుగు పదమైపోయింది. బొగ్గు పొరల కింద ఆరు రోజులు గడిపిన మనిషి ఏడవ రోజును ఆట రోజు అనుకోవడం కన్నా విరామానికి మంచి నిర్వచనం ఏ నిఘంటువులో దొరుకుతుంది?

ఈ గెలుచుకున్న సాయంకాలంలో ఏం జరిగింది? ఇది మన రచయితలందరూ ఆలోచించవలసిన విషయం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. పల్లెల్లో గ్రంథాలయాలు, రాత్రి బడులు వచ్చాయి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి ఏర్పడ్డాయి. చదివేవాడికీ, బుర్రకథ వినేవాడికీ పని దిగిన తర్వాత కొంత వేళ మిగలకపోతే ఇవన్నీ ఎవరి కోసం? మన సాహిత్యానికి పాఠకుడు శ్రామికుడి సాయంకాలంలో నుంచి పుట్టాడు.

4

తెర ఆ సాయంకాలాన్ని ఎలా ఆక్రమించిందో ఇప్పుడు చూద్దాం.

తెర మనకు కొత్త కాదు. టూరింగ్ టాకీసులో రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగేవి. సినిమా సగానికి వచ్చేసరికి తెర మీద ‘విశ్రాంతి’ అన్న అక్షరాలు పడేవి. జనం లేచి బయటికి వచ్చి, పల్లీలు కొనుక్కుని, చూసిన సగం గురించి వాదించుకునేవారు. దూరదర్శన్ రోజుల్లో ప్రసారాలు రాత్రి ఒక వేళకు ముగిసేవి. ఆ తెరల్లోనూ వ్యాపారం ఉంది, పాలకుల ప్రచారం ఉంది. కాని వాటికి ఒక అంచు ఉంది. విరామం ఆ యంత్రంలోనే భాగంగా ఉంది.

నేటి ఫోను తెర ఆ అంచును తుడిచేసింది. ఎంత కిందికి జరిపినా అయిపోని పుటను 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త తయారు చేశాడు. దాని ఫలితం చూసి తర్వాత ఆయనే విచారం ప్రకటించాడు. మా పోటీ నిద్రతోనే అని నెట్‌ఫ్లిక్స్ అధిపతి 2017లో దాపరికం లేకుండా చెప్పాడు. 2016 సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలైన తర్వాత మన దేశంలో డేటా చవకైంది. అడవి అంచు గూడేలకు కూడా ఫోను వచ్చింది. పెట్టుబడి మొదట మనిషి పనిగంటలను కొన్నది. ఇప్పుడు అతని విశ్రాంతిని, ఆ తర్వాత నిద్రను కూడా సరుకుగా మార్చి ప్రకటనదారులకు అమ్ముతున్నది. ఓవెన్ మూడు భాగాలు చేసిన రోజులో రెండవ, మూడవ భాగాలు కూడా మార్కెట్లో పడ్డాయి.

అయితే తెర కేవలం ఆటగాడి వేషంలోనే రాలేదు. మేస్త్రీ వేషంలో కూడా వచ్చింది. నగరవాసులు రాసే వ్యాసాల్లో ఈ రెండవ వేషం కనిపించదు. ఉపాధి హామీ సామూహిక పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో పెట్టాలన్న నిబంధన వచ్చింది. గుట్ట కింద సిగ్నల్ లేకపోతే తట్ట మోసిన చెమటకు సాక్ష్యం లేదు. అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల తూకాలను 2021 నుంచి ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేయవలసి వచ్చింది. ఇంటికి పోయిన తర్వాత కూడా ఆమె చేతిలో కార్యాలయమే ఉంది. మా ఉపాధ్యాయుల సంగతి చెప్పనక్కర్లేదు. సమాచారం పంపమని ఆదేశం వాట్సాప్‌లో రాత్రి వస్తుంది, గడువు తెల్లవారేసరికి ముగుస్తుంది. వీళ్లకు ‘డిజిటల్ ఉపవాసం’ చేయమని చెప్పడం, అన్నం లేనివాడికి ఏకాదశి మహాత్మ్యం చెప్పడం లాంటిదే.

ఇదే కాలంలో విరామం మీద మరో వైపు నుంచి దాడి సాగుతున్నది. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటల పరిమితి, 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో రోజు పరిమితిని 10 గంటలకు పెంచాలనీ, విరామానికి ముందు వరసగా చేయించే పనిని 5 నుంచి 6 గంటలు చేయాలనీ నిర్ణయించింది. మరుసటి నెలలోనే తెలంగాణలో వాణిజ్య సంస్థల్లో, వారానికి 48 గంటలకు లోబడి, రోజుకు 10 గంటల పనికి అనుమతి వచ్చింది. లోఖండే 1884లో అడిగిన అరగంట, 140 ఏళ్ల తర్వాత ఒక గంట వెనక్కి జరిగింది. తెరకు విరామం కావాలని చెప్పే పుటలోనే, ఈ వార్త గురించి ఎందరు రాశారు?

5

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. తెర వల్ల లాభం లేదా? ఉంది. మా పక్కనే నార్నూర్ మండలంలో గుంజాల ఉంది. ఆ ఊళ్లో దొరికిన గోండి రాతప్రతుల లిపికి, ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషితో ప్రచారం లభించింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. తన భాష తన అక్షరాల్లో ఫోను మీద చూసుకున్న గోండు పిల్లవాడికి తెరను శత్రువుగా చూపడం మూర్ఖత్వం. అదే తెర 2020 సెప్టెంబర్ 1న మరో ముఖం చూపించింది. కరోనా కాలంలో రాష్ట్రంలో టీ-సాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, టీవీ లేని ఇంటి పిల్లవాడికీ, సిగ్నల్ అందని గూడెం పిల్లవాడికీ ఆ తెర బడి మూసిన తలుపు అయింది. ఒకడికి తెర ఎక్కువై బాధ, మరొకడికి తెర అందక బాధ. వైరుధ్యం తెరలో లేదు, దాని మీద అధికారం ఎవరిది అన్న దగ్గర ఉంది. మగ్గాన్ని తగలబెట్టడం మన దారి కాదు. మగ్గం ఎప్పుడు ఆగాలో నేతగాడు నిర్ణయించాలన్నది మన దారి.

ఆ దారిలో కొన్ని అడుగులు పడ్డాయి. పొరుగు మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడగావ్ అనే పల్లె 2022 ఆగస్టులో ఒక నిర్ణయం తీసుకుంది. ప్రతి సాయంత్రం 7 గంటలకు గుడి మీద సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలు, ఫోన్లు ఆపాలి. గంటన్నర తర్వాత మళ్లీ సైరన్. ఆ వేళ పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. ఇందులో బలమంతా ‘ఊరంతా’ అన్న మాటలో ఉంది. ఒక్కడు ఫోను ఆపితే వెనుకబడతాడు. అందరూ ఆపితే ఎవరూ వెనుకబడరు. పొలాల పండుగ నాడు అందరి కాడీ ఒకేసారి దిగడంలో ఉన్న సూత్రమే ఇది. మిల్లు సైరన్ పనికి పిలిచింది, ఈ సైరన్ విరామానికి పిలుస్తున్నది.

పల్లె చేయగలిగింది ఇది. యజమాని ఉన్నచోట చట్టం కావాలి. పనివేళ తర్వాత వచ్చే సందేశానికి జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2016లో చట్టంలో చేర్చి 2017 జనవరి 1 నుంచి అమలు చేసింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అలాంటి హక్కు వచ్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో దీని మీద ప్రైవేటు బిల్లు పెట్టారు, 2025 డిసెంబర్‌లో మళ్లీ పెట్టారు. అదే నెల చివరి రోజున యాప్‌ల ద్వారా సరుకులు చేరవేసే కార్మికుల సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చాయి. వారి సమ్మె రూపం గమనించదగింది. వారికి మూయడానికి మిల్లు గేటు లేదు. యాప్ మూయడమే సమ్మె. 20 సెకన్ల కంటి వ్యాయామంగా మనకు పరిచయం చేసిన తెర విరామం, వారి చేతిలో హక్కుల ఆయుధమైంది.

6

ఇక రచయితల బాధ్యత. కర్మాగారాన్ని, గనిని, పొలాన్ని మన కథకులు రాశారు. రాత్రి 11 గంటలకు సమాచారం నింపుతున్న అంగన్‌వాడీ టీచరును, సిగ్నల్ కోసం గుట్టెక్కిన మేట్‌ను, పది నిమిషాల్లో సరుకు చేరవేయమని తెర తరిమిన యువకుణ్ణి ఇంకా నిండుగా రాయవలసి ఉంది. వాళ్ల పనిలో యజమాని కనిపించడు. కనిపించని యజమానిని కనిపించేట్టు చేయడమే వాస్తవికత.

మన సంఘాలు కూడా ఆత్మవిమర్శ చేసుకోవాలి. సభ జరుగుతుండగా వేదిక మీది పెద్దలే ఫోను చూసుకుంటున్నారు. కవిత్వం విన్నవాడి కళ్లలోకి చూడకుండా దాని ఫోటో తీసి పంచుతున్నాం. నెలకొకసారి, మన సాహిత్య సభల్లో, అందరి ఫోన్లూ ఒక బల్ల మీద పెట్టి రెండు గంటలు ఒక కథ చదువుకుని వాదించుకోవడం మనతోనే ఎందుకు మొదలు కాకూడదు? ఇది చిన్న పని. కాని ఒక్కడి నిగ్రహంతో కాక అందరి తీర్మానంతో జరిగినప్పుడే అది నిలుస్తుంది.

జైనూర్‌లో ఆ సెప్టెంబర్ తర్వాత దండారీ కాలం వచ్చింది, డోలు మోగింది. కాలిన గోడలు అలాగే ఉండగా మోగిన ఆ డోలు గాయాన్ని మాన్పిందని నేను అనను. ఒక్కటి మాత్రం అనగలను. పైనుంచి తెర ఆపినప్పుడు మేము ఇళ్లలో ఒంటరిగా కూర్చున్నాం. మనుషులు తమంత తాము పని దించి, తెర దించి ఒకచోట కూడితే, ఎదుటి ముఖం తప్ప చూడవలసింది మరేదీ ఉండదు. మా ఊరికి ఇవాళ అన్నిటికన్నా అవసరమైన విరామం అదే. అది ఒక వర్గానికో, ఒక మతానికో, ఒక జాతికో కాక అంగడిలో కలిసే మనుషులందరికీ చెందాలి.